ఎవరికీ వినబడని చప్పుడు

ఇంజనీరింగు కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి ఆ సాయంత్రం నాలుగింటితో గడువు ముగుస్తుంది. శాలిని ఇరవై కాలేజీలు వరుసగా ఎంచి సేవ్ నొక్కేలోగా ఇంటర్నెట్ పోయింది. ఎంచినవన్నీ తుడిచిపెట్టుకు పోయాయి. అప్పటికే మూడున్నర.

"నిన్న గూడ గీ యాళ్లకే పోయింది. కంప్యూటర్ల వైరస్ సొచ్చింది," అన్నాడు అన్న శాంతిరాజ్. వారం నుంచి అతను తీగలు మార్చాడు, పాస్‌వర్డ్ మార్చాడు, రౌటర్‌ను బీరువా మీదికి ఎక్కించాడు.

"నీ వైద్యానికే అది సచ్చేటట్టున్నది," అంది వంటగదిలోంచి తల్లి సాయమ్మ.

శాలిని మళ్ళీ మొదలుపెట్టింది. ఐదో కాలేజీ దగ్గర, గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. ఆ క్షణంలోనే రౌటర్ లైట్లు ఆరిపోయాయి. నిమిషానికి గానీ వెలగలేదు.

"బాపూ, ఇప్పుడు బ్లాస్టింగ్ అయిందా?"

"ఏమో బిడ్డా, ఇనలే," అన్నాడు అప్పుడే పొద్దటి షిఫ్టు దిగొచ్చిన తండ్రి అంద్రెయ. ఊరి పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో రోజూ పేల్చే ఆ చప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ వినబడడం మానేసి ఏళ్ళయింది.

శాలిని రౌటర్ ప్లగ్గు తాకి చూసింది. అరిగిపోయిన సాకెట్లో అది కదిలే పన్నులా ఊగుతోంది. నేల అదిరినప్పుడల్లా కరెంటు తప్పుతోంది.

"ఇంకోటి పేలుస్తరు," అంటూ అంద్రెయ వచ్చి ప్లగ్గును అదిమి పట్టాడు. "జల్ది పెట్టు."

నాలుగు నిమిషాలు మిగిలి ఉండగా కిటికీ అద్దాలు అదిరాయి. లైట్లు ఆరలేదు. శాలిని సేవ్ నొక్కింది. ఇరవై పేర్లూ నిలిచాయి.

"అయింది బాపూ, ఇడ్సిపెట్టు."

"ఇంకోపారి సూడు బిడ్డా," అన్నాడతను, పట్టు వదలకుండా.