హారన్ వైరుకు చుట్టిన ప్లాస్టర్

బానెట్ ఎత్తిన పాత ఫియట్ కారు ఆసుపత్రి వార్డులో రెండు మంచాల మధ్య నిలబడి ఉంది, మంచాల మీద ఎవరూ లేరు, కిటికీల్లోంచి వస్తున్న వెలుగు పొద్దుటిదో సాయంత్రానిదో తెలియదు, అయినా కారు ఇక్కడెందుకుందని విశాలాక్షికి అనిపించదు. అక్క హైమవతి, నర్సుగా ముప్పై ఏళ్లు కట్టిన ఆ తెల్లచీరలోనే, ఇంజను మీదికి వంగి ఏదో సర్దుతోంది. అక్క పోయి మూడు నెలలైంది. ఆ సంగతి విశాలాక్షికి గుర్తుంది, కోపం అంతకంటే బాగా గుర్తుంది.

"వచ్చావా? ఎక్కి హారన్ కొట్టవే," అంటుంది అక్క తలెత్తకుండానే.

స్టీరింగ్ మధ్యనున్న బటన్‌ను విశాలాక్షి బొటనవేలితో నొక్కుతుంది, పలకదు, రెండు బొటనవేళ్లూ కలిపి నొక్కుతుంది, పలకదు, ఒళ్లంతా బరువు పెట్టి నొక్కుతుంటే స్టీరింగ్ పిండిముద్దలా లోపలికి పోతూ ఉంటుంది గాని చప్పుడు మాత్రం రాదు.

"నీ చేతికి పలకదే అది," అని అక్క నవ్వుతుంది.

ప్రతి ఆదివారమూ అదే నవ్వు, అదే మాట. విశాలాక్షి లైసెన్సు తెచ్చుకున్న కొత్తలో ఎప్పుడు స్టీరింగ్ ముందు కూర్చున్నా హారన్ మూగపోయేది. "హారన్ లేని బండితో రోడ్డెక్కి ఎవరి ప్రాణం తీస్తావు, ఇటు జరుగు," అనేది అక్క, "ఉండు, నీళ్లు చూసొస్తా," అంటూ బానెట్ ఎత్తి దించేది, వచ్చి కూర్చుని నొక్కితే వీధి అదిరిపోయేది. తన చేతిలోనే ఏదో లోపముందని విశాలాక్షి నమ్మింది. అంత నమ్మింది కాబట్టే, రౌతులపూడి హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వస్తే, కాకినాడ నుంచి రోజూ బస్సులు మారి వెళ్లలేనని, ఆ పోస్టు వద్దని తన చేత్తో తనే రాసిచ్చింది. ఆ అవకాశం మళ్లీ రాలేదు.

వార్డు గోడల్లోంచి కార్ల ఎలక్ట్రీషియన్ జిలానీ గొంతు వినిపిస్తుంది, ఇవాళ పొద్దున తన రిపేరు షెడ్డులో అన్న మాటలే, "హారన్‌కేం రోగం లేదండి అమ్మగారూ. డైరెక్టుగా కరెంటిస్తే గయ్యిమందండి. స్టీరింగ్ కాడ్నించొచ్చే వైరునే ఎవరో ఊడదీసి, ఆసుపత్రి ప్లాస్టర్ చుట్టి పక్కనెట్టారండి, ఆయ్."

"ఎందుకు చేశావక్కా?"

"నేనేం చేశానే? లూజై ఊడుంటుంది."

"ఊడిన వైరు ప్లాస్టర్ కూడా చుట్టుకుంటుందా? కొస మడుచుకుంటుందా?"

రోగులకు పీకేటప్పుడు నొప్పి తెలియకూడదని, పట్టు దొరికేలా ప్లాస్టర్ కొసను గోరంత మడవడం అక్క అలవాటు. ఇంకెవరూ అలా మడవరు. మంచాలు ఒక్కొక్కటే దూరం జరుగుతుంటాయి, అక్క మాత్రం దగ్గరగానే ఉంటుంది, వైరు తీగ గుచ్చుకున్న చెల్లెలి బొటనవేలిని ఒళ్లోకి తీసుకుని తెల్ల ప్లాస్టర్ చుడుతూ ఉంటుంది.

"బండి నడపడమొస్తే నువ్వు రౌతులపూడి వెళ్లేదానివి, అక్కడే ఇల్లు తీసుకునేదానివి. నేను డ్యూటీ నుంచొస్తే నాకు తలుపెవరు తీస్తారే?"

"వెళ్లొద్దని ఒక్క మాట అడగాల్సింది. మానేసేదాన్ని. నాకే చేతకాదని నమ్మించావే, అక్కవై ఉండి! పక్కింటివాళ్ల ముందు కూడా నవ్వావు."

అక్క ప్లాస్టర్ కొస మడుస్తుంది.

"సరే, అదలా ఉంచు. ఆఖరిసారి ఆసుపత్రికి వెళ్లేముందు, ఆటో గుమ్మంలో పెట్టుకుని, బండికి కవర్ కప్పొస్తానని మనింటి షెడ్డులోకి వెళ్లావు. ఆయాసంతో నిలబడలేకపోతూ కూడా వైరు తీసే వెళ్లావు. పోయేదానివి, ఇంకెందుకక్కా?"

హైమవతి మొదటిసారి ఆమె కళ్లలోకి చూస్తుంది. "తిరిగొస్తాననుకున్నానే," అంటుంది.

అని, కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి బటన్ నొక్కుతుంది.

హారన్ మోతకు విశాలాక్షి ఉలిక్కిపడి లేచింది. భోజనం చేసి నడుం వాల్చిన మంచం, గోడ మీద నాలుగు చూపిస్తున్న గడియారం. గేటు ముందు కారు ఆపి జిలానీ మళ్లీ కొట్టాడు. "అమ్మగారండీ! బండి తెచ్చానండీ, ఓసారి మీరు నొక్కి చూసుకోండీ!"

"వస్తున్నా," అని చెప్పులు వెతుక్కుంటూ చేతికేసి చూసుకుంది. పొద్దున జిలానీ షెడ్డులో ఆ వైరు లాగి చూసినప్పుడు గుచ్చుకుని రక్తం వస్తే, ఇంటికొచ్చి తనే ప్లాస్టర్ వేసుకుంది. ఆలోచించకుండా వేసుకుంది. దాని కొస గోరంత మడిచి ఉంది.

ఒళ్లు మండిపోయింది ఆమెకు. ఆ మడత పట్టుకుని కసిగా లాగేసింది. కొంచెం కూడా నొప్పి పుట్టలేదు.