ఇప్పపూల మీది బూడిద

కైనాత్ ఆదిలాబాద్ కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఏళ్ళు గడిచినా కాంట్రాక్టు కొలువే. ఆ మార్చిలో పరీక్ష పేపర్లు దిద్దడం చాలదన్నట్టు, కొత్తగా తెరవబోయే మ్యూజియంలో ఒక బొమ్మ కింద రాయాల్సిన వివరం కూడా ఆమె మెడకే చుట్టుకుంది.

అది ఇప్పపూల బొమ్మ. నిజాం జమానాలో బోథ్ దగ్గరి మిషన్ బంగళాలో ఉన్న ఎడిత్ దొరసాని నీటిరంగులతో వేసింది. మూలన ఆమె సంతకం. దాన్ని మ్యూజియానికి ఇచ్చింది బోథ్ చర్చి పెద్ద స్టీఫెన్. అతని నాయనమ్మ సాయవ్వ ఆ బంగళాలో పనిచేసేదట.

లేతపసుపు పూల మీద అక్కడక్కడా నల్లటి చుక్కలున్నాయి. "బూజు పట్టింది, తుడిపిద్దాం" అన్నాడు మ్యూజియం అధికారి. కైనాత్ భూతద్దం పెట్టి చూసింది. చుక్కలు పూల మీదే ఉన్నాయి, చుట్టూ ఉన్న కాగితం శుభ్రంగా ఉంది. బూజు కాగితమంతా పాకుతుంది గాని పూల అంచు చూసుకుని ఆగదు. అంటే దొరసాని కావాలనే వేసింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

స్టీఫెన్‌ను అడుగుదామని ఆదివారం బోథ్ బస్సెక్కింది. కిటికీకి తల ఆనించి కునికిపాట్లు పడుతుంటే, ఇప్పచెట్ల కింద నేల నల్లగా కనిపించింది. రాలే పూలు ఆకుల్లో కలవకుండా ఎండుటాకులు కాల్చేస్తారు. ఆమె నిద్ర ఎగిరిపోయింది. ఆ చుక్కలు బూడిద! దొరసాని కొమ్మ కోయించుకోలేదు. ఎవరో తెల్లారకముందే వంగి ఏరిన పూలను, ఏరినవి ఏరినట్టే వేసింది.

స్టీఫెన్ ఇంట్లో చాయ్ తాగుతూ ఆ మాటే చెప్పి, ఏరింది సాయవ్వేనా అని అడిగింది. ఆయన ముఖం చిన్నబోయింది.

"మా నాయనమ్మ బొమ్మ ఏసిందని రాయుండ్రి మేడం. ఏరిందని ఎందుకు?"

"ఏసిందనేటందుకు గుర్తేం లేదు కాకా. సంతకం దొరసానిది."

"ఇప్పపూలు ఏరిందంటే సారా కాసిందనుకుంటరు. మాది చర్చి ఇల్లు. జర ఆలోచించుండ్రి."

అప్పట్లో ఆ పూల మీద ఆబ్కారీ కన్ను ఒకవైపు, తాగుడు పాపమనే పాదిరి మాట మరోవైపు. అవి కైనాత్‌కు తెలుసు. వాదించే ఓపిక లేక మెల్లగా అడిగింది: "మీ ఇంట్ల ఎన్నడు తినలేదా కాకా?"

స్టీఫెన్ చాయ్ కప్పు కింద పెట్టాడు.

"కరువుల తిన్నం. నాయనమ్మ ఉడకవెట్టి పెట్టేది. దొరసానికి గూడ తనే ఏరి తెచ్చిందని చెప్పేది. గది రాస్తే మా ఆకలి నలుగురికి తెలుస్తది."

"తెల్వనియ్యి కాకా. ఒక్క మీ ఇంట్లనే ఉండెనా ఆకలి?"

ఆయన గేటు దాకా వచ్చి, "మీ ఇష్టం" అన్నాడు.

కైనాత్ రాసింది చూసి అధికారి పెదవి విరిచాడు. రెండు వాక్యాలకే చోటుందన్నాడు. ఆమె లాటిన్ పేరు కొట్టేసింది.

"శాస్త్రీయ నామం లేకుంటే ఎట్ల మేడం?"

"చెట్టు అందరికి ఎరుకే సార్. ఏరిన మనిషే ఎవలకు ఎరుక లేదు."

ఆయన కాసేపు గొణిగి సంతకం పెట్టాడు.

మ్యూజియం తెరిచిన రోజు స్టీఫెన్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. బొమ్మ ముందు నిలబడి, పెదవులు కదుపుతూ చదివాడు: "ఎడిత్ వేసిన ఇప్పపూలు. వీటిని బూడిద నేల మీద ఏరి తెచ్చిన సాయవ్వ, కరువులో ఇవే వండి ఇంటివాళ్ళ ఆకలి తీర్చిందని ఆమె మనవడు చెబుతాడు."

రెండోసారి చదివి ఫోన్ తీశాడు.

"జర పక్కకు జరుగుండ్రి మేడం. ఫోటో తీసుకుంట."

కైనాత్ జరిగి, గోడవారగా ఉన్న బల్ల మీద కూలబడింది. సంచిలో ఇంకా దిద్దని పేపర్లున్నాయి. కాసేపు వాటి జోలికి పోలేదు.