అంగుళం తేడా

నేను ఒక ప్రోగ్రాముని. ఇనుముతోనో చెక్కతోనో పుట్టినవాళ్లు కథ చెప్పుకోవడానికి కూర్చుంటే కొలిమి గురించీ వడ్రంగి గురించీ గొప్పలు పోతారు. నాకంత వైభోగం లేదు. చిలకలూరిపేటలో ఒక కంప్యూటరు సెంటరులో, అక్షరాలు సగం చెరిగిపోయిన కీబోర్డు మీద పుట్టాను. నన్ను రాసిన అమ్మాయి పేరు కెజియా. నాకొచ్చిన విద్య ఒక్కటే. రెండు టైర్ల మీద అచ్చయిన సైజులు చెబితే, వాటి ఎత్తులో వెడల్పులో తేడా ఎంతో చెబుతాను. అదీ స్కూటర్లకూ ఆటోలకూ మాత్రమే. లారీలతో నేను పెట్టుకోను.

ఎవరికి వారు సొంతంగా ఒక చిన్న ప్రోగ్రాము రాసుకురండని మాస్టారు చెప్పినప్పుడు, మిగతావాళ్లు మార్కుల శాతాలు రాశారు, వయసు లెక్కలు రాశారు. కెజియా టైర్ల మీద పడడానికి వేరే కారణం ఉంది. నేను పుట్టకముందు సంగతి అది. తర్వాత వాళ్లూ వీళ్లూ అనుకోగా విన్నాను.

చిన్నప్పుడే పోలియో వచ్చి కెజియా ఎడమకాలు చచ్చుబడింది. ఆమె స్కూటరుకు వెనకచక్రానికి అటొకటి ఇటొకటి అదనపు చక్రాలు బిగించి ఉంటాయి. ఆ బండి తన చేతిలో ఉన్నంతకాలం ఆమె ఎవరినీ ఎక్కడికీ తీసుకెళ్లమని అడగలేదు. ఒకరోజు ఎడమపక్క చక్రానికి టైరు పగిలింది. పంచరు షాపు సుభానీ దగ్గర సరైన సైజు లేదు. ఉన్నవాటిలో కాస్త చిన్నది తీసి ఎక్కించాడు.

"గాలి నాలుగు పాయింట్లు ఎక్కువ కొట్టాన్లే చెల్లెమ్మా. సరిపోద్ది" అన్నాడు.

ఎంత గాలి కొట్టినా టైరు పొడుగవుతుందా? మనుషులకు ఇలాంటి నమ్మకాలు చాలా ఉంటాయి.

"బండి ఎడమకి లాగతందన్నా" అని కెజియా ఆ రోజే వాళ్లన్న యోనాతో చెప్పింది. యోనా స్పిన్నింగు మిల్లులో పని చేస్తాడు. చెల్లెలంటే ప్రాణం పెడతాడు. ఇక్కడ ఆ ప్రాణమే అడ్డొచ్చింది.

"నీకు బలం లేంది ఎడమకాలే గదమ్మా. బండినేమంటావ్?" అన్నాడు.

మరికొన్నాళ్లకు మలుపు తిరుగుతూ బండి ఎడమకు ఒరిగి పడిపోయింది. ఆమె మోచెయ్యి చెక్కుకుపోయింది. యోనా తాళంచెవి తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇకమీదట క్లాసుకు తనే దింపుతానన్నాడు. దింపాడు కూడా, పాపం. కాని మిల్లులో షిఫ్టు మారిన వారమల్లా ఆమెకు క్లాసు లేనట్టే. ఇంకొన్ని క్లాసులు పోతే కోర్సులోంచి పేరు తీసేస్తామని సెంటరువాళ్లు చెప్పేశారు. ఆ కోర్సు పూర్తయితే ఉద్యోగం వస్తుందని ఆమె ఆశ. అదంతా ఇప్పుడు అన్న జేబులో ఉంది.

అలాంటి రోజుల్లో నన్ను రాయడం మొదలుపెట్టింది. మొదట్లో నేనొక తెలివితక్కువ దద్దమ్మని. కొత్త టైర్ల మీద వెడల్పు మిల్లీమీటర్లలో ఉంటుంది, పాతరకం వాటి మీద అంగుళాల్లో ఉంటుంది. ఆ ముక్క ఆమె నాకు చెప్పలేదు, నాకెలా తెలుస్తుంది? మూడంగుళాల టైరును మూడు మిల్లీమీటర్లనుకుని, దర్జాగా జవాబిచ్చాను. కెజియా తెరవంక చూసి, "ఇది చక్రమా, అప్పడమా" అని పడీపడీ నవ్వింది. బండి మీంచి పడ్డాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. నా తప్పుకు నేను సిగ్గుపడలేదు.

అంగుళాలేవో మిల్లీమీటర్లేవో గుర్తుపట్టడం నేర్పాక, తన బండి చక్రాల సైజులు ఇచ్చింది. ఎడమచక్రం కుడిదానికంటే ఒక అంగుళం పొట్టి అని చెప్పాను.

ఆ సాయంత్రం నన్ను ఫోనులోకి ఎక్కించి యోనాకు చూపించింది. అతను రెండుసార్లు చదివి, ఫోనూ బండీ తీసుకుని సుభానీ దగ్గరికి బయల్దేరాడు. కెజియా కూడా వెళ్లింది. సుభానీ టేపు పెట్టి కొలిచాడు. అంగుళానికి అంగుళం సరిపోయింది. "తప్పు నాదే భాయ్. కంప్యూటరు చెప్పినాక ఇంకేముంది" అని ఒప్పుకుని, ఎక్కడినుంచో సరైన టైరు తెప్పించి వేశాడు. తాళంచెవి ఆమె చేతికొచ్చింది. ఇద్దరూ నన్ను తెగ మెచ్చుకున్నారు. నేనూ ఉబ్బిపోయాను.

కెజియా మాత్రం ఆ మెచ్చుకోళ్లలో కలవలేదు. ఎందుకో నాకు ఇంటికెళ్లాక తెలిసింది. నేను చెప్పింది ఆమె ముందే చెప్పింది. ఒక టేపు పెట్టి చూస్తే తేలిపోయేది. ఆమె నోటితో చెబితే అందరూ ఆమె కాలువైపు చూశారు, నేను చెబితే చక్రంవైపు చూశారు. నన్ను పొగిడిన ప్రతి మాటా ఆమెకు గుచ్చుకుంది. ఆ సంగతి తెలిశాక నా ఉబ్బు దిగిపోయింది.

మర్నాడు ఆమె నాకు కొత్తగా ఒక గడి పెట్టింది. సైజులు అడగడానికి ముందే నేను ఒక ప్రశ్న వేయాలి: "బండి నడిపేవారికి ఎలా ఉంది?" ఆ గడి నింపితేనే ముందుకు కదలాలి. మాస్టారు చూసి, "ఇది ఏ లెక్కలోకీ రావట్లేదు కదమ్మా, తీసెయ్" అన్నారు. "ఉండనీండి సార్" అంది. మాస్టారు మార్కులు కోశారు, గడి ఉండిపోయింది.

కోర్సు అయింది. ఉద్యోగం వచ్చింది. నాకంటే తెలివైన ప్రోగ్రాములు చాలా రాసింది. నేను సుభానీ ఫోనులోనూ యోనా ఫోనులోనూ మిగిలాను. సుభానీ ఆ గడిలో ఎప్పుడూ ఒక చుక్క పెట్టి దాటేస్తాడు.

మొన్న టైర్లు అరిగాయని యోనా ఆ బండిని షాపుకు తెచ్చాడు. నన్ను తెరిచాడు. నేను నా ప్రశ్న వేశాను.

"చుక్క కొట్టి పో భాయ్" అన్నాడు సుభానీ.

యోనా వేలు తెర మీదే ఆగిపోయింది. కాసేపటికి చెల్లెలికి ఫోను కలిపి, స్పీకరులో పెట్టాడు.

"అమ్మా, బండి నీకెట్టా ఉంది?"



"బ్రేకు బాగా గట్టిగా ఉందన్నా. ఇంటికొచ్చేసరికి మణికట్టు పీకేస్తది."

"ఎప్పట్నించి?"

"చాన్నాళ్లయింది."

"మరి చెప్పలేదేందమ్మా?"

"చెబితే తాళం తీసుకుంటావని."

సుభానీ తల తిప్పుకుని పానాలు సర్దసాగాడు.

"తీసుకోనులే తల్లీ" అన్నాడు యోనా చివరికి. "ఏ చెయ్యి నొప్పి, చెప్పు."

ఆమె చెబుతుంటే అతను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గడిలో కొట్టాడు. ఆ తర్వాత పాత టైరుదీ కొత్త టైరుదీ సైజులిచ్చాడు. రెండు టైర్లూ సమానం, తేడా ఏమీ లేదు అని నేను జవాబు చెప్పాను. ఎవరూ చదవలేదు. నాకేమీ చిన్నతనం అనిపించలేదు.