కప్పు మీది ఓసురి

ఒబురా ఇంటి కప్పు ఆ ఏడాది వానలకు ఆగదని ఊరందరికీ తెలుసు, ఒబురాకి తప్ప. గడ్డి నల్లబడి కుళ్ళిపోయింది. పిట్టలు పీక్కుపోగా మిగిలింది ఎలుకలు పంచుకున్నాయి. వాన మొదలైతే అతని పెళ్ళాం అవినో ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ కారే చోట్ల పెట్టేది. వండడానికి గిన్నె కావాలంటే వాన వెలవాల్సిందే.

"రేకులు వేయిద్దామయ్యా," అనేది.

"గడ్డే! మా నాన్న గడ్డి కిందే పుట్టాడు, గడ్డి కిందే పోయాడు."

"నేనూ ఈ తడికి దగ్గి దగ్గి పోతాలే. నీకు హాయి."

అసలు గొడవ గడ్డి గురించి కాదు, ఓసురి గురించి. కప్పు కొసన నిటారుగా నిలబెట్టే కర్ర అది. ఇంటి మగవాడు బతికున్నన్నాళ్ళూ ఉంటుంది, పోయాక తీసేస్తారు. రేకుల మీద ఓసురి ఎవడు పెడతాడు? బతికుండగానే తన కర్ర పీకించుకోవడానికి ఒబురాకి మనసొప్పలేదు. ఆ మాట పైకి చెప్పడానికి నామోషీ. అందుకే గడ్డి ఎంత చల్లనో ఉపన్యాసాలిచ్చేవాడు. అవినోకి తెలియదా ఏం? తెలుసు. కానీ ఇంకో వానాకాలం తడి చాప మీద పడుకోవడం మాత్రం ఆమె వల్ల కాదు.

ఒకరోజు పొద్దున్నే ఒబురా మంచి గడ్డి చూసొస్తానని పడవెక్కి సరస్సు అవతలి ఒడ్డుకి వెళ్ళాడు. పడవ అటు కదిలిందో లేదో అవినో ఇటు వడ్రంగిని పిలిపించింది. రేకులకి కొలతలు తీస్తే పోయేదేముంది?

పోయింది. వడ్రంగి పైకెక్కి, కాలు జారకుండా ఓసురిని పట్టుకున్నాడు. ఓసురీ, దాని చుట్టూ ఉన్న గడ్డీ, వడ్రంగీ కలిసికట్టుగా కిందికొచ్చారు.

"నీ చేతులు పడిపోనూ!" అని తిట్టి, మనిషికి దెబ్బ తగల్లేదని చూసుకుని, అవినో మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళింది. సరిగ్గా అప్పుడే పక్కింటి డొరికా కంచె మీంచి తలెత్తి చూసింది. కప్పు కొస బోడిగా ఉంది.

"అయ్యో, ఒబురా అన్నయ్యా! వెళ్ళిపోయావా అన్నయ్యా!"

ఆ గొంతుకి రెండు కొండల అవతలి ఆవులు కూడా తలెత్తి ఉంటాయి. చూస్తుండగానే వాకిలి నిండిపోయింది. ఆడవాళ్ళు నెత్తిన చేతులు పెట్టుకుని పరుగున వచ్చేశారు.

"బతికే ఉన్నాడర్రా! గడ్డి కోసం వెళ్ళాడు!" అని అరిచింది అవినో.

"అవునమ్మా, ఉన్నాడు, ఉన్నాడు. నువ్వు కూర్చో తల్లీ," అంటూ డొరికా ఆమెను పట్టుకుని, "మతి చెదిరింది పాపం," అని పక్కవాళ్ళతో అంది.

వడ్రంగి చెప్పబోయాడు. అతని చేతిలో కొలతల టేపు చూడగానే ఎవరికైనా మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది. "శవం ఇంటికి రాకముందే శవపెట్టెకి కొలతలా? సిగ్గు లేదట్రా!" అని ఒక ముసలమ్మ అతన్ని చేతికర్రతో తరిమింది.

ఏడుపులతోనే మధ్యాహ్నం దాటిపోయింది. అప్పుడు ఎవరో అన్నారు: "పడవ మీద వెళ్ళాడుగా. పొద్దున గాలి ఎలా వీచిందో చూశారా?"

అవినో సరస్సు వైపు చూసింది. మధ్యాహ్నానికల్లా వస్తానన్న మనిషి. పొద్దు వాలుతోంది. ఈత కూడా సరిగ్గా రాదు. ఆమె వాకిట్లో చతికిలబడి, ఇందాకటి దాకా బతికే ఉన్నాడని అరిచిన నోటితోనే భోరుమంది. "రేకులూ వద్దు, ఏమీ వద్దు. రావయ్యా! నువ్వు రా, చాలు!"

అప్పుడే గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒబురా కంచె దగ్గరికొచ్చాడు. తన ఇంటిముందు ఇంత ఏడుపేమిటో అర్థం కాలేదు. ముందు అటు తిరిగి నిలబడి కళ్ళు తుడుచుకుంటున్న పొరుగింటి ఒడిండో కనిపించాడు. హద్దు కంచె గొడవ అయినప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

"ఎవరు పోయారు?"

"ఒబురా," అన్నాడు ఒడిండో వెనక్కి తిరగకుండానే. "కంచె నా వైపుకి జరిపాడు గానీ, మనిషి బంగారం."

"జరిపింది నువ్వు! నేను కాదు!"

ఒడిండో తిరిగి చూసి వెల్లకిలా పడ్డాడు. అవినో జనాన్ని తోసుకుంటూ వచ్చి మొగుణ్ణి ముందు వీపు మీద నాలుగు బాదింది. ఆ తర్వాత వాటేసుకుని వదల్లేదు.

ఏడవడానికొచ్చిన వాళ్ళంతా నవ్వి నవ్వి అలసిపోయాక, ఆమె కళ్ళు తుడుచుకుని అంది: "గడ్డే వేద్దాం. నీ ఓసురి నువ్వే నిలబెట్టుకో. కారితే కారనీ."

ఒబురా లోపలికెళ్ళి చాలాసేపు పైకి చూశాడు. కప్పుకి పడ్డ చిల్లులోంచి వెలుగు నేలంతా పరుచుకుంది. తడి మరకలన్నీ అవినో పడుకునే వైపే ఉన్నాయి. తన వైపు నేల పొడిగా ఉంది. ఇన్నేళ్ళూ ఒక్కసారైనా ఎందుకు చూడలేదో అతనికే తెలియలేదు.

బయటికొచ్చి, "రేకులే," అన్నాడు.

"రేకుల కింద వానొస్తే పక్కమనిషి మాట కూడా వినపడదు," అన్నాడు ఒడిండో దుమ్ము దులుపుకుంటూ.

"అయితే అరుస్తా. బతికున్నానని కర్ర చెప్పక్కర్లేదు, నేనే చెప్తా."

రేకులు వేసిన తర్వాత మొదటి పెద్దవాన ఒక సాయంత్రం పడింది. చెవులు చిల్లులు పడేంత హోరు. చాప మీద కూర్చుని ఒబురా గొంతు చించుకుని అరిచాడు: "ఏమే! నీ వైపు కారుతోందా?"

అవినోకి చక్కగా వినపడింది. అయినా జవాబివ్వలేదు. ఇంకోసారి అరుస్తాడని.