పిలిచినావిడ ఎక్కడ?

ఫ్లెక్స్ మెషీన్ పేరెత్తితే నాకు ఒళ్ళు మండేది. తప్పు మెషీన్‌ది కాదు. మా భాస్కరం గారు దాన్ని కొంటే ఇక నాకు మిగిలే పని బొమ్మ ఎన్ని అడుగులో కొలవడమే. రాజమండ్రిలో ఆయన నడిపే ప్రకటనల కంపెనీలో నా ఉద్యోగం ఆలోచించడం. గోడ మీద ఏం రాయాలి, సినిమా హాల్లో ఏ స్లైడు వెయ్యాలి, కేబుల్ టీవీలో ఏ మాట చెప్పించాలి, అన్నీ నా బుర్రలోంచి రావాలి. కొవ్వూరు నుంచి రోజూ బ్రిడ్జి దాటి వచ్చేది అందుకే గానీ టేపు పట్టుకోవడానికి కాదు.

అది 2002. పెయింటర్లు వారం రోజులు రాసే బోర్డుని ఫ్లెక్స్ మెషీన్ ఒక్క పూటలో ఉమ్మేస్తోంది. భాస్కరం గారు ఒకదానికి మాట ఇచ్చేసినంత పని చేశారు.

"ఆలోచనకి డబ్బులెవరిస్తారమ్మా శ్రీసుధా? అడుక్కింత అని చెప్పామనుకో, ఠక్కున తీసిస్తారు" అన్నారు.

"దొరబాబు గారి పని ఒక్కటి నా పద్ధతిలో చెయ్యనివ్వండి. జనం రాకపోతే మెషీన్ కొనుక్కోండి. టేపు నేనే పట్టుకుంటాను" అన్నాను. అనేశాక కాస్త భయం వేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

దొరబాబు గారిది మెయిన్ రోడ్డులో పాత బట్టల కొట్టు. దాని పక్కనే మూడంతస్తుల్లో కొత్తది తెరుస్తున్నారు. ఆయన కోరిక విచిత్రమైనది. "ఊరి జనం తర్వాత ఎలాగూ వస్తారండీ. మొదటి రోజు మాత్రం మా పాత ఇళ్ళవాళ్ళు రావాలి. మా నాన్నగారి నుంచీ మా దగ్గర కొంటున్నవాళ్ళు" అన్నారు. అలాంటివాళ్ళు ఆటోలో మైకు అరుపులు విని కదిలి వస్తారా?

మా ఆఫీసులో కంప్యూటర్లు చూసేది శ్యాంబాబు. లూథరన్ చర్చిలో పాటల రికార్డింగు కూడా అతనిదే. కంప్యూటర్‌కి ఒక కార్డు తగిలించి ఫోన్ లైను కలిపితే, అది తనంతట తనే ఒక్కో నంబరూ తిప్పి, రికార్డు చేసిన మాట వినిపిస్తుందని అతనే చెప్పాడు. అప్పటికి సెల్ ఫోన్లు డబ్బున్నవాళ్ళ జేబుల్లోనే ఉన్నాయి గానీ ఇంటింటా ల్యాండ్ లైన్ ఉంది. కొట్టు బిల్లుల మీద పేర్లూ నంబర్లూ ఉన్నాయి. ఇంకేం కావాలి! నేను గాల్లో తేలిపోయాను.

రేడియో గొంతున్న ఒకావిడ చేత "మహిళామణులకు సాదర ఆహ్వానం" అని చెప్పించి, కొన్ని ఇళ్ళకి వినిపించి చూశాం. రెండో వాక్యం మొదలవకుండానే అందరూ ఫోన్ పెట్టేశారు. ఒకాయన తిట్టి మరీ పెట్టేశాడు. శ్యాంబాబు తల గోక్కున్నాడు. భాస్కరం గారు మెషీన్ కంపెనీవాళ్ళ రంగుల కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. తిట్టినా బాగుండేది.

ఆయన ఇల్లు ఆఫీసు పైనే. మధ్యాహ్నం నేను పైకి వెళ్ళేసరికి ఆయన భార్య నాగేశ్వరి గారు మేనకోడలి పెళ్ళికి ఫోన్లో చుట్టాల్ని పిలుస్తున్నారు. ఆవిడ ఆ వీధికి తలలో నాలుక.

"వరలక్ష్మి గారా అండీ? నేనండీ, నాగేశ్వరిని... ఆ... ఆ... మోకాలు ఎలా ఉందండీ?... అయ్యో... తప్పకుండా రావాలండి. మీరు రాకపోతే నేను ఒప్పుకోను. ఆయ్."

"కార్డులు వేశారుగా, మళ్ళీ ఈ ఫోన్లెందుకండీ?" అన్నాను.

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "కార్డు వేస్తే పిలిచినట్టేంటే? అది పోస్టుమాన్ పిలిచినట్టు. పేరు పెట్టి, నోటితో చెప్పి, అవతలివాళ్ళు 'వస్తాం' అన్నాక అప్పుడు పెట్టాలి ఫోను."

ఈ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసుండీ రేడియోని పట్టుకొచ్చాను! నా మీద నాకే కోపం వచ్చింది. మరుక్షణం సంతోషం ముంచెత్తింది. ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చాను.

మైకు ముందు ఆవిడకి మాట రాలేదు. "గోడకి చెప్పినట్టుందే" అన్నారు. నేను ఎదురుగా కూర్చుని ఒక్కో ఇల్లాలూ నేనే అయి బదులు చెప్పాను. ఒక్కో పేరూ "గారూ" తగిలించి ఆవిడ పలుకుతుంటే శ్యాంబాబు విడివిడిగా కత్తిరించి దాచాడు. అవతలివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ కంప్యూటరు ఆగేలా, వాళ్ళు ఆపాకే మళ్ళీ అందుకునేలా చేశాడు. నాగేశ్వరి గారిది ఒక్కటే పట్టు. "అబద్ధం ఆడను. రికార్డు చేసి చెప్తున్నానని ముందే చెప్పేస్తాను."

చెప్పేశారు కూడా. అయినా జనం ఫోన్ పెట్టలేదు. "నేనండీ, నాగేశ్వరిని, దొరబాబు గారి తరఫున పిలుస్తున్నానండి, రికార్డు చేసిన మాటే, ఏమనుకోకండి" అని వినిపించగానే "అబ్బే, చెప్పండి చెప్పండి" అన్నారు. "గురువారం కొత్త కొట్టు ప్రారంభానికి మీరు తప్పకుండా రావాలండి" అంటే "వస్తాం అండీ" అన్నారు. పలకరించిన గొంతుకి బదులు చెప్పకపోవడం మా వైపు ఎవరికి చేతనవుతుంది? ఆ జవాబులు వింటూ శ్యాంబాబూ నేనూ చిన్నపిల్లల్లా గంతులేశాం.

మర్నాడు పొద్దున్నే దొరబాబు గారు ఎర్రటి మొహంతో ఊడిపడ్డారు. దానవాయిపేట పాపాయమ్మ గారు రిక్షా కట్టించుకుని కొట్టుకి వచ్చి నలుగురిలో కడిగేశారట. "నా పెళ్ళి చీర మీ నాన్న దగ్గర కొన్నాను. ఇప్పుడు నా కోడల్ని పిలిచి నన్ను పిలవరా?" అని. బిల్లులు ఈమధ్య కోడలి పేరు మీదే ఉన్నాయి మరి.

"పరువు తీసేశారు కదండీ!" అన్నారు దొరబాబు గారు. భాస్కరం గారు క్షమాపణ చెప్పడానికి లేచారు.

"కూర్చోండి సార్" అన్నాను. "దొరబాబు గారూ, ఇన్నేళ్ళుగా పేపర్లో ప్రకటనలు వేస్తున్నారు. 'అందులో నా పేరు లేదేం' అని ఎవరైనా వచ్చి పోట్లాడారా? ఆవిడ అలిగారంటే అది పిలుపే అయిందన్నమాట. అలిగినవాళ్ళని మళ్ళీ పిలుస్తాం."

అత్తగార్లున్న ఇళ్ళన్నిటికీ ఆ సాయంత్రం రెండో ఫోన్ వెళ్ళింది. "నిన్న మీ కోడలు గారితో చెప్పానండి. పెద్దవారు, మీతో విడిగా చెప్పకపోతే బాగుండదని మళ్ళీ చేస్తున్నాను." ఆ మాట పూర్తిగా నాగేశ్వరి గారిదే. నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

గురువారం వచ్చింది. జనమూ వచ్చారు. రిక్షాలు దిగి, ఆటోలు దిగి, పట్టు చీరల్లో వచ్చారు. వచ్చి కొట్టు బయటే నిలబడిపోయారు! "రండమ్మా, రండి" అని గుమాస్తాలు గొంతు చించుకుంటున్నారు. దొరబాబు గారు చేతులు జోడించారు. అందరూ మొహమాటంగా నవ్వుతున్నారు గానీ గుమ్మం దాటరు. ముందు వరసలో పాపాయమ్మ గారు. ఆవిడే అడిగారు.

"పిలిచినావిడ ఎక్కడండీ?"

పిలిచినవాళ్ళు గుమ్మంలో నిలబడి ఎదురొచ్చి తీసుకెళ్ళాలి. అంత పెద్ద సంగతి ఎలా మర్చిపోయాను! భాస్కరం గారు నా వైపు చూశారు. అప్పటికే టేపు నా చేతిలో పెట్టేసినట్టుంది ఆ చూపు.

కొట్లోని ఫోన్ అందుకున్నాను. "నాగేశ్వరి గారూ, మీరు పిలిచినవాళ్ళంతా వచ్చారు. లోపలికి రమ్మనేవాళ్ళు లేక వీధిలో నిలబడ్డారు."

"హవ్వ!" అన్నారు ఆవిడ. అంతే, ఫోన్ పెట్టేశారు.

రిక్షా ఇంకా ఆగకుండానే ఆవిడ గొంతు వినిపించింది. "ఇదేంటండీ, ఎండలో నిలబెట్టేశారు మిమ్మల్ని! రండి, రండి, లోపలికి రండి." జుట్టు తడి ఆరలేదు. చెప్పులు కూడా ఇంట్లో తొడుక్కునేవే. ఆ గొంతుకి తలలన్నీ ఒక్కసారి తిరిగాయి.

"మీరేనా నాగేశ్వరి గారు!"

మొహాలు ఆవిడకి తెలియవు. పేర్లన్నీ తెలుసు. ఒక్కొక్కరూ దగ్గరికొచ్చి పేరు చెప్పుకుంటుంటే ప్రతిసారీ ఆశ్చర్యపోతూ చేతులు పట్టుకున్నారు. "పాపాయమ్మ గారా అండీ! కోపం పోయిందా?" అంటే, "పోకపోతే వస్తానేంటి?" అని ఆ పెద్దావిడ నాగేశ్వరి గారి చెయ్యి పట్టుకునే మెట్లెక్కారు. వాళ్ళ వెనకే బయటున్న జనమంతా. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకోవాల్సిన అవసరమూ లేదు.

భాస్కరం గారు ఓ పక్కన నిలబడి భార్యనే చూస్తున్నారు. "ఊరి గోడలన్నీ రాయించాను. మా ఇంట్లో ఈ గొంతుందని ఎప్పుడూ అనుకోలేదమ్మా" అన్నారు. నేను కూడా అనుకోలేదని చెప్పాను.

తర్వాతి వారం ఓ నర్సింగ్ హోమ్ మేనేజరు, వీరవెంకటసత్యనారాయణ గారని, హడావిడిగా వచ్చారు. "ఆ ఫోన్ పిలుపులే మాకూ కావాలండీ. ఆవిడ గొంతే, పేర్లు పెట్టి."

నేను నోరు తెరిచేలోపే భాస్కరం గారు అందుకున్నారు. "ఆసుపత్రికి రమ్మని ఎవరినైనా పేరు పెట్టి పిలుస్తారా అండీ? శాపనార్థాలు పెడతారు."

"పోనీ పెద్ద ఫ్లెక్స్ వెయ్యండి. అడుగెంతకిస్తారు?"

"ఆ మెషీన్ మేం కొనట్లేదండి. నిన్ననే వద్దని చెప్పేశాను" అన్నారు భాస్కరం గారు. నాకూ అప్పుడే తెలిసింది. "మీ పనికి వేరే ఆలోచన కావాలి. మా శ్రీసుధ చేస్తుంది. దానికి అడుగుల లెక్కుండదు. ఆలోచనకి ఇంతని తీసుకుంటాం."

మేనేజరు గారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. నేను నా కుర్చీ ఆయన ఎదురుగా లాక్కున్నాను.

"మీ ఆసుపత్రి మెట్లెక్కేముందు జనం దేనికి భయపడతారో చెప్పండి సార్" అన్నాను.