లైబ్రరీని జరిపిన అల్లుడు

ఇళ్ళని ఉన్నచోటి నుంచి లేపి ఇంకోచోట కూర్చోబెట్టడం అతని పని. ఊళ్ళో అందరూ జాకీల మేస్త్రి అనేవారు. రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు గుంటలో పడినవాళ్ళు, వానొస్తే గదుల్లోకి నీళ్ళొచ్చేవాళ్ళు అతని దగ్గరకి పరిగెత్తేవారు. గోడల కింద ఇనుప దూలాలు దూర్చి, దూలాల కింద వరసగా జాకీలు పెట్టి, తను ఈల వేస్తే మనుషులందరూ ఒక్కసారే పిడి తిప్పాలి. ఒకడు తొందరపడినా, ఇంకొకడు వెనకబడినా గోడ నోరు తెరుస్తుంది. ఇన్నేళ్ళలో అతని చేతికింద ఒక్క గోడా పడలేదు. ఆ మాట అతనికి బాగా తెలుసు. ఎదుటివాళ్ళకి తెలియకపోతే చెప్పేదాకా ఊరుకునేవాడూ కాదు.

అలాంటివాడికి పాత లైబ్రరీ విషయంలో సొంత అత్తగారితోనే తగువొచ్చింది.

లైబ్రరీ నాలుగు రోడ్ల మూలమీద ఉండేది. ఎర్ర ఇటుకల రెండంతస్తుల భవనం, ముందు పొడవాటి వరండా, లోపల పైకి వెళ్ళడానికి చెక్కమెట్లు. ఆ మెట్లమీద ఎవరు నడుస్తున్నారో చప్పుడుబట్టి చెప్పగలిగేంత కాలం అత్తగారు అందులో లైబ్రేరియన్‌గా పనిచేశారు. రిటైరయ్యాక కూడా రోజూ వెళ్ళేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు పుస్తకం తప్పు అరలో పెడితే వాళ్ళు చూస్తుండగానే తీసి సరైన అరలో పెట్టేవారు. వాళ్ళకి ఒళ్ళు మండేది గానీ నోరు మెదిపేవారు కాదు.

రోడ్డు వెడల్పు చేసి, ఆ మూలమీద దుకాణాల సముదాయం కట్టాలని పురపాలక సంఘం తీర్మానించింది. భవనం కూల్చేస్తామన్నారు. చుట్టుపక్కల జనం అడ్డం తిరిగారు. వంతులవారీగా వరండాలో కూర్చున్నారు. ఎదురు దుకాణం దర్జీ అయితే కుట్టుమిషను మోయించుకొచ్చి వరండాలోనే పెట్టేశాడు. "కొలతలన్నీ ఇక్కడే తీస్తాను, బుల్డోజరుక్కూడా" అనేవాడు. జనం ఒక కమిటీ వేసుకుని ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. ఆయన పక్కన రెండో కుర్చీ అత్తగారిది.

కొన్ని నెలలు లాగి లాగి, పురపాలక సంఘం ఒక మెట్టు దిగింది. కూల్చం, వెనకున్న ఖాళీ స్థలంలోకి జరుపుతాం అంది. కమిటీలో సగంమంది ఊపిరి పీల్చుకున్నారు. దర్జీ, అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు.

"వాళ్ళకి కావలసింది మూల. భవనం వెనక్కి పోతే మూల వాళ్ళ చేతిలో పడ్డట్టే కదా. మనం ఇన్నాళ్ళూ ఎందుకు కూర్చున్నట్టు?" అన్నారు అత్తగారు.

ఆ జరిపే పని మేస్త్రి దగ్గరకొచ్చింది. ఇంట్లో ఒకమాట చెప్పకుండా ఒప్పేసుకున్నాడు. అంత పెద్ద భవనాన్ని అతను ఎప్పుడూ ముట్టుకోలేదు, ఒక్కసారైనా ముట్టుకోవాలని ఉంది. పైగా తను కాదంటే పురపాలక సంఘం మళ్ళీ కూల్చడానికే వస్తుందని అతని లెక్క. రెండో కారణం నిజమే. అయితే ఇంట్లో చెప్పకపోవడానికి మొదటిదే కారణం.

అత్తగారు ఉండేది కూతురి దగ్గరే. సంగతి తెలిసిన రోజు నుంచి అల్లుడితో మాటలు బందు. అరవలేదు, సాధించలేదు, ఇల్లు వదిలి వెళ్ళనూలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చుని, అతను చెయ్యిచాచితే అందేంత దూరంలో నీళ్ళ జగ్గు పెట్టుకుని, "అమ్మాయ్, మీ ఆయనకి నీళ్ళు కావాలేమో కనుక్కో" అనేవారు.

"మీ అమ్మగారికి నేను కనబడుతున్నానో లేదో అడుగు," అనేవాడు మేస్త్రి.

"మీ ఇద్దరి మధ్య నేనేమైనా టెలిఫోన్ తీగనా?" అని భార్య జగ్గు తీసి ఇద్దరి మధ్యా ఠపీమని పెట్టేది.

పని మొదలైంది. దర్జీ మిషను వరండా మీంచి రోడ్డు పక్కకి జరిగింది గానీ చప్పుడు ఆగలేదు. మేస్త్రి మనుషులు పునాది చుట్టూ తవ్వారు. అతను పాత పగుళ్ళు దొరికిన ప్రతిచోటా సన్నటి గాజుపలకలు అడ్డంగా అతికించాడు. గోడ ఏమాత్రం కదిలినా గాజు పుటుక్కుమంటుంది. మూడువైపులా పునాది బండలా ఉంది. నాలుగోవైపు, వెనకాల, ఆడవాళ్ళు చదువుకునే గది. అక్కడ తవ్వేసరికి అతను తనే గుంటలోకి దిగి చూశాడు.

ఆ గది భవనంతోపాటు కట్టింది కాదు. తరవాత ఎప్పుడో అతికించారు. ఇటుకకి ఇటుక కలపలేదు, పక్కన పెట్టి పైన గిలాబు పూశారు. పునాది మోకాలి లోతు కూడా లేదు. జాకీలు ఇంకా తగలకముందే, తవ్విన అదురుకే అక్కడి గాజులు రెండు విరిగాయి.

పురపాలక సంఘం ఇంజనీరుని పిలిచి చూపించాడు. ఆయన వంగి చూసి, చేతులు దులుపుకున్నాడు.

"మిగతాది కదులుతుందా?"

"కదులుతుంది. ఈ గది మాత్రం రాదు. దారిలోనే కూలుతుంది."

"కూలితే కూలనివ్వండి. పాత గోడ, పడిందంటాం. ముందే చెప్పారనుకోండి, ఆ కమిటీవాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చుంటారు. మీకెందుకు, నాకెందుకు?"

ఆయన చెడ్డవాడేం కాదు. పైవాళ్ళు ఆయన్ని తరుముతున్నారు, ఆయన కిందివాళ్ళని తరుముతున్నాడు. మేస్త్రికి ఆ సంగతి తెలుసు. తెలిసినా, ఆ మాట మింగలేక కక్కలేక వారం తిరిగాడు. చెబితే ఈ భవనం మొత్తంగా తనవల్ల కాలేదని ఊరంతా అంటుంది. చెప్పకపోతే గోడ పడుతుంది, అదీ తన ఈలకే. రెండువైపులా పరువు పోయేట్టే ఉంది. ఇంతకీ పరువు గురించే ఆలోచిస్తున్నానేమిటని తనమీద తనకే చిరాకేసింది. ఆ గదిలో మధ్యాహ్నాలు కూర్చుని చదువుకునే పెద్దావిడలు గుర్తొచ్చారు. తన భార్య చిన్నప్పుడు బడి వదిలాక వాళ్ళమ్మ కోసం ఆ గదిలోనే ఎదురుచూస్తూ, ఒక్కోసారి బల్లమీద తలపెట్టి నిద్రపోయేదట.

ఒకరోజు భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"మీ అమ్మగారితో చెప్పు. వెనక గది రాదు. కదిపితే పడిపోతుంది."

భార్య తల్లివైపు చూసింది. అత్తగారు చెయ్యి ఆపారు. ఆవిడ ఈసారి కూతుర్ని మధ్యలో పెట్టలేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"వారమైంది, అత్తయ్యా."

"వారం నుంచీ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

ఆవిడ చెయ్యి కడుక్కుని లేచారు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఇద్దరూ గది చూశారు. మేస్త్రి గోడల మధ్య సందులోకి వేళ్ళు పోనిచ్చి చూపించాడు. అరచెయ్యి దాకా పోయింది. అత్తగారు కూడా చెయ్యి పెట్టి చూసుకున్నారు.

"ఎన్నేళ్ళు ఈ గోడకి వీపు ఆనించి కూర్చున్నానో," అన్నారు, అంతే.

సాయంత్రం వరండాలో కమిటీ కూడింది. మేస్త్రి తనే లేచి ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పడం పూర్తికాకుండానే దర్జీ ముఖం వెలిగిపోయింది.

"మొదటినుంచీ మేమనేది అదే కదయ్యా. ఇది కదిలేది కాదు. పని ఆపించండి."

పని ఆగింది. కానీ దర్జీ అనుకున్నట్టు కథ అక్కడితో అయిపోలేదు. కదలకపోతే పాత తీర్మానం ప్రకారం కూల్చేస్తామని పురపాలక సంఘం నుంచి కబురొచ్చింది. ఇంజనీరు మేస్త్రిని పట్టుకుని, "మీ నోరు మీకే శత్రువు" అన్నాడు. మేస్త్రి మనుషులు దూలాలమీద కూర్చుని పేకాడుకున్నారు. బుల్డోజరు వచ్చి రోడ్డు చివర నిలబడింది.

మళ్ళీ కమిటీ. ఈసారి వరండా పట్టనంత జనం. అత్తగారు లేచి నిలబడ్డారు.

"వెనక గది మనమే విప్పేద్దాం. ఇటుకలు దాచి, అక్కడ మళ్ళీ కట్టుకుందాం. మిగతాది జరపనిద్దాం. దానికి బదులు మూలలో సగం ఖాళీగా వదలాలని అడుగుదాం. జనం నిలబడ్డానికి, కూర్చోడానికి."

దర్జీ మెల్లగా అన్నాడు, "అల్లుడి కోసమా అమ్మా?"

అత్తగారి ముఖం పాలిపోయింది. మేస్త్రి వెనకాల నిలబడి ఉన్నాడు. వెళ్ళి దర్జీ చొక్కా పట్టుకోవాలనిపించింది. భార్య అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"అల్లుడి కోసమైతే ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి మాట మానేదాన్నా?" అన్నారు అత్తగారు. "మూల పోతోందని నాకూ తెలుసు. మీకెంత ఏడుపుందో నాకూ అంతే ఉంది. కానీ పొద్దున్నే లేచి ఆ మూలవైపు చూస్తే అక్కడ ఏమీ లేకపోతే తట్టుకోవడం నావల్ల కాదు. మీవల్లవుతుందా?"

చేతులెత్తమంటే, కొద్దిమంది తేడాతో అత్తగారి మాట నెగ్గింది. మూలలో సగం కాదు, మూడోవంతు వదలడానికి పురపాలక సంఘం ఒప్పుకుంది. అంతకుమించి లాగినా రాలేదు.

గది విప్పడానికి చాలామంది వచ్చారు. బ్యాంకు గుమాస్తా, మందులషాపు ఆవిడ, రోజూ పేపరు కోసం కొట్టుకునే ఇద్దరు ముసలాయనలు. అందరూ కింద కూర్చుని ఇటుకలకి అంటిన సున్నం గీకారు. ముసలాయనలు అక్కడా, ఎవరు ఎక్కువ గీకారని కొట్టుకున్నారు. ఎంత జాగ్రత్తపడినా చాలా ఇటుకలు ముక్కలయ్యాయి. దర్జీ రోడ్డు అవతల నుంచి చూస్తూ మిషను తొక్కుకున్నాడు.

జరిపే రోజు అత్తగారు కుర్చీ తెచ్చుకుని, ముందుగదిలో గుమ్మం పక్కన కూర్చున్నారు.

"అత్తయ్యా, లోపల ఎవరూ ఉండకూడదు. నా పద్ధతి అది."

"నేనుంటే నీ మనుషులు ఇంకాస్త ఒళ్ళు దగ్గరపెట్టుకుని తిప్పుతారు."

"ఇది నామీద నమ్మకమా, అనుమానమా?"

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "రెండూనూ. నువ్వు వెళ్ళి పని చూసుకో."

లేపి ఎత్తుకెళ్ళి బయటపెట్టడానికి ఆవిడ జాకీల మీదికెక్కే మనిషి కాదు. చివరికి అతను కుర్చీని బలమైన దూలం వచ్చేచోటికి లాగి, భార్యని కిటికీ బయట నిలబెట్టి, ఏ చిన్న చప్పుడైనా వాళ్ళమ్మని బయటికి లాగెయ్యమని చెప్పాడు. తరవాత ఈల నోట్లో పెట్టుకున్నాడు. నోరెండిపోయి మొదటిసారి ఊదితే గాలే వచ్చింది. రెండోసారి మోగింది.

అప్పటికే లేపి పట్టాలమీద కూర్చోబెట్టిన భవనం జాకీల తోపుకి నత్తలా కదిలింది. మనుషులు అరవలేదు, మాట్లాడుకోలేదు. మేస్త్రి ఒక గాజుపలక నుంచి ఇంకో గాజుపలకకి పరిగెడుతూ, మధ్యమధ్య ఈల వేస్తూ, మోకాళ్ళమీద కూర్చుని లెవెలు చూస్తూ చెమటలో మునిగాడు. చాలాసేపయ్యాక అత్తగారు కిటికీలోంచి కూతుర్ని కేకేశారు.

"ఏమే, ఎప్పుడు మొదలెడతారంట?"

"మొదలెట్టి ఎంతసేపైందో అమ్మా. నేను నీతోపాటే నడుస్తున్నాను, చూడు."

ఆవిడ కిటికీలోంచి తొంగిచూశారు. ఎదురుగా ఉండాల్సిన కరెంటు స్తంభం పక్కకి పోయింది. ఆవిడ కాసేపు దాన్నే చూశారు. కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ కుర్చీలో సర్దుకున్నారు. రోడ్డు అవతల దర్జీ మిషనుకి గుడ్డ కప్పి, దుకాణం తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు కొంత, మర్నాడు కొంత జరిపారు. ఒక్క గాజూ పగల్లేదు.

వెనక గది మళ్ళీ కట్టారు. ఇటుకలు చాలక అడుగు పొట్టిగా వచ్చింది. మూలమీద దుకాణాలు లేచాయి, పక్కన వదిలిన జాగాలో రెండు బెంచీలు వేశారు. కొత్తచోట మధ్యాహ్నం ఎండ నేరుగా చదివే బల్లమీద పడుతోందని అత్తగారు మొదటివారమే అల్లుణ్ణి తగులుకున్నారు. భవనాన్ని తిప్పడం వేరే పనండీ, దానికి వేరే జాకీలు కావాలి అని అతను తప్పించుకుని, తెరలు కుట్టించాడు. దర్జీని అడిగితే పని ఎక్కువగా ఉందన్నాడు. తెరలు వేరేచోట కుట్టించాల్సొచ్చింది.

దర్జీ లైబ్రరీలోకి మళ్ళీ అడుగుపెట్టలేదు. అది పాతచోటే పోయిందని, ఇప్పుడున్నది వేరే ఏదో అని అంటాడు. అత్తగారు వాదించలేదు. ఆయన సగం చదివి వదిలేసిన పుస్తకం ఒకటి తీసి, కాగితంలో చుట్టి, మేస్త్రి చేతికిచ్చారు.

"నేనే ఎందుకు?" అన్నాడు మేస్త్రి.

"నీమీద కోపం తీరేదాకా ఆయన నాతో మాట్లాడడు. వెళ్ళు."

మేస్త్రి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని చొక్కా సరిచేస్తున్నాడు. పుస్తకం చూశాడు, మనిషిని చూశాడు. కత్తెర పక్కన చోటు చేసి, అక్కడ పెట్టమన్నట్టు గడ్డం ఊపాడు. పది రోజుల తరవాత మేస్త్రి అటు వెళ్తుంటే, "చదివేశాను, ఇంకోటి పంపమను," అని పుస్తకం చేతికిచ్చాడు.