విడివిడిగా వడ్డించండి

నేను ఒక అరల కంచాన్ని. స్టీలు రేకును అచ్చులో పెట్టి నన్ను తయారుచేసిన కార్మికుడు, అరలు సరిగ్గా వచ్చాయో లేదోనని బొటనవేలితో తడిమి చూశాడు. ఆ స్పర్శే నా తొలి జ్ఞాపకం.

అక్కణ్నుంచి కాకినాడలో వరహాలమ్మగారి మెస్సుకు చేరాను. మనుషుల వింత అక్కడే చూశాను. కూరకొక అర, పచ్చడికొక అర ఉన్నా, కూర్చోగానే అన్నిటిమీదా సాంబారు పోయించుకుని ఒకటిగా కలిపేసేవారు. మరి నన్నెందుకు కొన్నట్టో!

భానోజీ మాత్రం అలా కాదు. నాటకాలకు తెరలు గీసే చిత్రకారుడతను, ముప్పై దాటినవాడు. అన్నం, గట్టిగా ఉండే ముద్దపప్పు, కరకరలాడే దుంపల వేపుడు, అప్పడం. ఇవే తినేవాడు, అదీ ఒకదానికొకటి తగలకుండా. మెత్తగా జారే కూర ఏదైనా పక్క అరలో పడిందంటే లేచి వెళ్లిపోయేవాడు.

"గడ్డాలొచ్చాక కూడా చిన్నపిల్లాడి తిండేంటండీ బాబూ!" అని పక్కవాళ్లు నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. కానీ నా అంచు మీద అతని వేళ్లు బిగుసుకోవడం నాకు తెలిసేది.

అతనికి పెళ్లయినప్పుడు వరహాలమ్మగారు నన్ను తళతళా తోమించి చేతికిచ్చారు. "ఇది పట్టుకెళ్లు బాబూ. కొత్తచోట మొహమాటపడి పస్తుండకు."

పెద్దాపురంలో అత్తవారింటికి నన్ను సంచిలో పెట్టుకెళ్లాడు గానీ, సిగ్గేసి బయటికి తియ్యలేదు. ఆ సంచిలోనే గోడకు వేలాడుతూ అంతా విన్నాను. అత్తగారు భ్రమరాంబ పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉండి గుత్తివంకాయ వండింది. మావగారు స్వయంగా వడ్డించాడు. కాదనలేక ఒక ముద్ద నోట్లో పెట్టుకున్న భానోజీ, వాంతి ఆపుకోలేక పెరట్లోకి పరుగెత్తాడు.

"మా ఇంటి కూడు అంత అసహ్యమా?" మావగారు గరిటె కింద పెట్టేశాడు. భ్రమరాంబ వెక్కుతూ వంటింట్లోకి వెళ్లిపోవడం వినిపించింది.

కాసేపటికి భానోజీ గదిలోకి రాగా, వెనకే భార్య హైమవతి వచ్చింది. "అమ్మ వంట నచ్చకపోతే నాతో చెప్పచ్చు కదండీ? నలుగురిలో అలా లేచిపోతారా?"

"నచ్చకపోవడం కాదు హైమా. మెత్తగా జారేది నోట్లో పడితే గొంతు మూసుకుపోతుంది. చిన్నప్పుడు కొట్టి తినిపించారు. ఇంకా ఎక్కువైంది. భోజనానికి పిలుస్తారని స్నేహితుల ఇళ్లకే వెళ్లడం మానేశాను. అందరూ పొగరనుకుంటారు. నాకేమో భయం."

అంటూనే నన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు. హైమవతి నన్ను ఒళ్లో పెట్టుకుని నా అరలను ఒక్కొక్కటిగా వేలితో తడిమింది. తర్వాత నాతోపాటు తిన్నగా తల్లి దగ్గరికి నడిచింది.

"అమ్మా, ఆయనకి నీ వంట మీద కోపం కాదే. గొంతు ఆయన మాట వినదు. కాసిని దుంపలు వేయించి పెట్టు."

విషయమంతా విన్న భ్రమరాంబ కళ్లు తుడుచుకుంది. "ఈ ముక్క ముందే చెబితే పొద్దున్నే వేయించేదాన్ని కదే! అయ్యో, ఇప్పటిదాకా ఆకలితోనే ఉన్నారా?"

వేపుడు గిన్నెతో అల్లుడి ఎదుట కూర్చుని, "బాబూ, ఏది ఏ అరలో వెయ్యమంటారో మీరే చెప్పండి" అంది. అతను తలవంచుకున్నాడు. వెచ్చని చుక్క ఒకటి నా మీద పడింది.

ఏళ్లు గడిచాయి. భానోజీ అన్నీ తినే మనిషిగా మారిపోలేదు. ఆ ఇంట్లో ఎవరూ మార్చాలనీ చూడలేదు. నాకూ సొట్టలు పడ్డాయి. నా మీద ఎందరో కడుపు నింపుకున్నారు గానీ, నన్ను ఆ ఇంటికి చేర్చినందుకు వరహాలమ్మగారికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. లేకపోతే ఆ మధ్యాహ్నాన్ని చూసేదాన్నా?

ఆ మధ్యాహ్నం ఎవరూ అడక్కుండానే అతను చెయ్యి చాచి, కూరగిన్నెలోంచి చిన్న దొండకాయ ముక్క తీసుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. మింగాడు. ఇంటిల్లిపాదీ తినడం ఆపి చూస్తున్నారు.

"బాలేదత్తయ్యా" అన్నాడు, బెరుకు లేకుండా.

మావగారు పకపకా నవ్వాడు. "నాకూ నచ్చదయ్యా దొండకాయ! మీ అత్తకి భయపడి ఇన్నేళ్లుగా తింటున్నా!"

"ఆఁ?" అంది భ్రమరాంబ, గరిటె పట్టుకుని.

నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, భానోజీ నన్ను ముందుకు జరిపి మారు అన్నం అడిగాడు.